బంకమట్టి మీద కోర్టు

డిపో వెనక జాగాలో మేము పదకొండేళ్ళు వాలీబాల్ ఆడాం. మైదానం అంటే ఏదో పెద్దది అనుకునేరు. బస్సులు కడిగే చోటుకీ ప్రహరీ గోడకీ మధ్య మిగిలిపోయిన ముక్క అది. రెండు ఇనుప గుంజలు, ఒక వల, సున్నంతో గీసుకున్న గీతలు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఎనిమిదిమంది ఆడవాళ్ళం చేరేవాళ్ళం. నలుగురు ఇటు, నలుగురు అటు. మాలో డిపో ఉద్యోగులు ముగ్గురే. తక్కినవాళ్ళం అక్క బస్సెక్కి ఆటలోకి దిగినవాళ్ళం.

అక్క అంటే నాకు తోడబుట్టింది కాదు. ఏడో నంబరు బస్సు డ్రైవరు. వయసు నలభై తొమ్మిది. నేను దర్జీ పని చేస్తాను. కుట్టిన బట్టల మూటతో రోజూ ఆవిడ బస్సులోనే వెళ్ళేదాన్ని. ఒకరోజు బస్సు మలుపు తిరిగేటప్పుడు పైనుంచి మూట జారిపోతుంటే ఒంటిచేత్తో గాల్లోనే అందుకున్నాను. దిగేటప్పుడు అద్దంలోంచి నన్ను చూసి, "చేతులు బాగున్నాయి. ఆదివారం డిపోకి రా" అంది. ఎందుకని అడగలేదు, వెళ్ళాను. ఆ రోజు నుంచి టీములో నా పేరు కత్తెర. మా అందరికన్నా జానెడు ఎత్తున్న నర్సు పేరు పొడుగు. ఆవిడ వల దగ్గర చేతులెత్తి నిలబడితే అవతలి పక్కకి ఆకాశం కనబడేది కాదు.

పదకొండో ఏడు వేసవిలో ఒక ఆదివారం డిపో మేనేజరు వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. ఆట అయ్యేదాకా ఆగాడు, అదీ మర్యాదే.

"వచ్చే వారం నుంచి ఇక్కడ పాత టైర్లు పెడతాం. ఆటలు కుదరవమ్మా" అన్నాడు.

"టైర్లకి షెడ్డుందిగా" అంది అక్క.

"నిండిపోయింది."

"మరి ముందరి మైదానంలో మగవాళ్ళ క్రికెట్?"

"అది వేరు."

ఏం వేరో చెప్పలేదు. అక్క వెళ్ళి వల ముడులు విప్పింది. నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది. "గుంజలు మీవి. వల మాది" అంది.

గేటు దాటాక ఎవరి ముఖాల్లోనూ నెత్తురు చుక్క లేదు. అక్క మాత్రం నడుస్తూ నడుస్తూ, "మా పెరడుందిగా" అంది.

మేమందరం నవ్వాం. ఆవిడ పెరడు మాకు తెలుసు. ఒకసారి అక్కడ నా చెప్పు దిగబడిపోతే పార తెచ్చి తీయాల్సి వచ్చింది. అచ్చమైన బంకమట్టి. వానాకాలంలో కాలు పట్టుకుని వదలదు. ఎండాకాలంలో బీటలు తీసి, ఆ బీటల్లో చెయ్యి పెడితే మణికట్టు దాకా పోతుంది. అక్క మొగుడు, మా బేకరీ బావ, అందులో టమాటాలు వేశాడు, వంగ వేశాడు, చివరికి గడ్డి గింజలు కూడా చల్లాడు. ఆ మట్టి అన్నిటినీ మింగి కూర్చుంది.

"నవ్వండి" అంది అక్క. "వారమంతా స్టీరింగు ముందు కూర్చునే ఉంటాను. ఆదివారం ఆ రెండు గంటలే నేను నా కాళ్ళ మీద ఉండేది. అది ఎవరో టైర్ల కోసం వదిలేయమంటే వదిలేస్తానా?"

అక్కా వాళ్ళ ఇల్లు అన్నదమ్ములు పంచుకున్నది. మధ్యలో నడుమెత్తు గోడ. గోడకి అవతల బావ అన్నయ్య. రోడ్ల శాఖలో ఇంజినీరుగా ముప్పై రెండేళ్ళు చేసి రిటైరయ్యాడు. పని మానేసినా పనులు చూడటం మానలేదు. వీధిలో ఎవరు గొయ్యి తవ్వినా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడాల్సిందే. పెరట్లో కోర్టు వేయించడానికి అక్క పిలిస్తే కృత్రిమ గడ్డి అమ్మే షాపాయన టేపు పట్టుకుని వచ్చిన రోజున కూడా ఆయన గోడ దగ్గరికి వచ్చాడు. ఆయన వెనక ఆయన భార్య, అంటే అక్క తోటికోడలు, తీగె మీద బట్టలు ఆరేస్తోంది.

"ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. దీని మీద ఏదీ నిలవదమ్మాయ్" అన్నారు ఇంజినీరు గారు.

"మీరు వేసిన రోడ్లు నిలిచాయిగా బావగారూ" అంది అక్క.

"రోడ్డు వేరు. ఈ వయసులో నీ గెంతులు వేరు."

ఆ నెలలో అక్క 'వేరు' అనే మాట వినడం అది రెండోసారి. షాపాయన వైపు తిరిగి, "ఎప్పుడు మొదలుపెడతారు?" అంది.

షాపాయన మట్టి సంగతి పట్టించుకోలేదు. "మట్టిదేముందమ్మా, పైన చదును చేసి ఇసుక పోసి పరిచేస్తాం" అన్నాడు. రెండు రోజుల్లో పరిచేశాడు కూడా. పద్నాలుగు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు. పచ్చగా, నిగనిగలాడుతూ. గుంజలు పాతాం, వల కట్టాం. మూడు ఆదివారాలు ఆడాం. కిందపడితే మోకాలు చీరుకోవడం లేదని పొడుగు మురిసిపోయి కావాలని పడేది.

నాలుగో వారం వాన పట్టింది. మూడు రోజులు ఆగకుండా కురిసింది. ఆదివారం తెరిపిచ్చింది కదా అని వెళ్ళాం. కోర్టు మధ్యలో, పెనం మీద రొట్టె పొంగినట్టు, పెద్ద ఉబ్బు. రెండు మూలల్లో నీళ్ళు నిలిచి పాదం మునుగుతోంది. ఆడకుండా వెళ్ళిపోయినా బాగుండేది. నాలుగు బంతులు ఆడి చూద్దాం అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే, దాచను. మూడో బంతికి పొడుగు ఎగిరి ఆ ఉబ్బు మీద దిగింది. టక్‌మని శబ్దం అందరికీ వినిపించింది.

చీలమండ విరిగింది. కట్టు కట్టి ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు.

అక్క షాపాయనకి ఫోన్ చేసింది. మొదటి రోజు "మట్టి అలాంటిదమ్మా, మేమేం చేస్తాం" అన్నాడు. రెండో రోజు నుంచి ఎత్తడం మానేశాడు. ఇంజినీరు గారు గోడ దగ్గరికి వచ్చి, "చెప్పానా లేదా" అన్నారు. అక్క తల వంచుకుని గడ్డిని చుట్టలు చుట్టి గోడవారన నిలబెట్టింది. బావ బేకరీ నుంచి వచ్చి, కనుబొమ్మల మీద పిండి కూడా తుడుచుకోకుండా రెండో కొస పట్టుకున్నాడు.

"వదిలేద్దామా?" అని మెల్లగా అడిగాడు.

అక్క చివరి చుట్టకి తాడు బిగించింది.

ఆ సాయంత్రం ఇద్దరం పొడుగు ఇంటికి వెళ్ళాం. మంచం మీద, దిండు మీద కాలు పెట్టుకుని ఉంది. అక్క కుర్చీలో కూర్చుని ఆ కట్టుకేసే చూస్తోంది. చివరికి పొడుగే అంది.

"నువ్విప్పుడు మానేశావనుకో, నా కాలు ఊరికే విరిగినట్టవుతుంది. నాకు ఊరికే విరగ్గొట్టుకోవడం ఇష్టం లేదు."

అక్క కళ్ళు తుడుచుకుంది. "ఈసారి నేనే వేస్తాను. నా చేత్తో" అంది.

వేస్తానంది సరే, ఎలా వేయాలో మాలో ఒక్కరికీ తెలీదు. తెలిసిన మనిషి గోడ అవతలే ఉన్నాడు. ఆయన్ని అడగమంటే, "ఆయన ఎలా వేయాలో చెప్పడు, ఎందుకు వేయకూడదో చెప్తాడు" అంది.

ఏడో నంబరు రూటులో అప్పుడు రోడ్డు పని జరుగుతోంది. ఒకవైపు మూసేసి ఎర్రజెండా పట్టుకుని బస్సుల్ని ఆపి వదిలేవాళ్ళు. అక్కడి కూలీలకి మేస్త్రి ఒక ఆడమనిషి. ఎండకి కమిలిన ముఖం, నెత్తిన టోపీ. బస్సు ఆగిన ఆ ఒకటి రెండు నిమిషాల్లో అక్క కిటికీ లోంచి తల బయటపెట్టి ఒక ప్రశ్న అడిగేది. మేస్త్రమ్మ ఒక జవాబు చెప్పేది. జెండా దిగగానే బస్సు కదలాలి. తక్కిన జవాబు తిరుగు ట్రిప్పులో.

"బంకమట్టి మీద గట్టిగా నిలవాలంటే ఏం చెయ్యాలి?"

"ముందు ఆ మట్టిని అడుగు లోతు తీసి పారెయ్."

తిరిగి వచ్చేటప్పుడు: "తీసి పారేశాను అనుకో."

"అడుగున గట్టి గుడ్డ పరుచు. రోడ్లకి వాడేది ఉంటుంది. లేకపోతే నువ్వు వేసిన కంకరంతా మట్టి మింగేస్తుంది."

మూడు రోజుల్లో బస్సు బస్సంతా ఈ పాఠంలో పడింది. నేను రోజూ ఎక్కేదాన్ని కాబట్టి కళ్ళారా చూశాను. ముందు సీట్లో కూర్చునే పెద్దాయన పేపరు చదవడం మానేసి, "నిన్న చిల్లుల పైపు దగ్గర ఆపేశారమ్మా. చుట్టూ వేయాలా, మధ్యలోనా, అది అడుగు" అని గుర్తుచేసేవాడు. ఒకావిడ తన స్టాపు దాటిపోయినా దిగలేదు, కంకర ఎన్ని పొరలో విని పోదామని.

రెండు వారాలకి మా చదువు పూర్తయింది. అడుగు లోతు తవ్వాలి. గుడ్డ పరవాలి. నీళ్ళు బయటికి పోవడానికి చుట్టూ కాలువ తీసి చిల్లుల పైపు వేయాలి. కంకర ఒకేసారి కుమ్మరించకుండా పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరనీ తడిపి దిమ్మిస కొట్టి గట్టిపరచాలి. పైన రాతిపొడి. అన్నిటికన్నా ముఖ్యం వాలు. చూస్తే తెలియకూడదు, నీళ్ళకి మాత్రం తెలియాలి. మీటరుకి ఒక సెంటీమీటరు.

వానలు కాస్త తెరిపివ్వగానే తవ్వకం మొదలుపెట్టాం. ఆ మట్టితో వేగిన వాళ్ళకే తెలుస్తుంది దాని సంగతి. మరీ తడిగా ఉంటే పారకి అంటుకుని రాదు, మరీ ఎండితే పారే వంగుతుంది. పొద్దున పూట కాస్త పదును మీద ఉన్నప్పుడే తవ్వాలి. పార ప్రతిసారీ నీళ్ళ బకెట్లో ముంచి తీస్తే కొంచెం జారుతుందని కనిపెట్టాం. ఏడుగురం తవ్వుతుంటే పొడుగు స్టూలు మీద కట్టు కాలు చాపుకుని కూర్చుని, "అటు కాదు, మూల వదిలేశారు, మూల" అని అరిచేది. ఆసుపత్రిలో ఎవరి మీదా అరవలేని అరుపులన్నీ మా మీద తీర్చుకుంది. తీసిన మట్టిని ఇటుకల బట్టీ వాళ్ళు పట్టుకుపోయారు. ఇటుకలకి దీన్ని మించిన మట్టి లేదట.

మూడో ఆదివారం కాలువ తవ్వుతున్నాం. ఇంజినీరు గారు గోడ మీద రెండు చేతులూ ఆనించారు.

"వాలు ఎటు పెడుతున్నావు?"

"ఇటే బావగారూ. నేల ఎలాగూ మీ వైపే వాలి ఉంది."

"అంటే నీ కోర్టు నీళ్ళన్నీ నా గోడ కిందికి. నా పునాది కింద కూడా ఇదే మట్టి. అది తడిసి ఉబ్బితే నా ఇల్లు బీటలిస్తుంది. నేనొప్పుకోను."

అక్క పార దించింది. ఆయన మాటలో న్యాయం ఉంది, మాకందరికీ అర్థమైంది.

"మరి ఎటు పంపమంటారు?"

"ఎటూ పంపకు. మానెయ్. తమ్ముడూ, నువ్వైనా చెప్పు. ఇంటి పరువు, గోడ రెండూ పోయేలా ఉన్నాయి."

బావ అప్పుడే పని నుంచి వచ్చి మెట్ల మీద బూట్లు విప్పుతున్నాడు. అన్నగారికి ఎన్నడూ ఎదురు చెప్పిన మనిషి కాదు. ఒక బూటు చేత్తో పట్టుకునే అన్నాడు, "అన్నయ్యా, ఆవిడ రోజుకి వెయ్యిమందిని ఎక్కించుకుని ఆ ఇరుకు సందులన్నీ తిప్పి క్షేమంగా దించుతుంది. ఎటు తిప్పాలో నేను చెప్పేదేముంది?"

ఇంజినీరు గారు గోడ మీంచి చేతులు తీసి లోపలికి వెళ్ళిపోయారు.

అక్క మా వైపు తిరిగింది. "ఎటు పంపకూడదో చెప్పారుగా. అది చాలు. వాలు తిప్పేద్దాం. వీధి కాలువ వైపు."

వీధి వైపంటే ఇంటి పక్క సందులోంచి ఇంకో ఇరవై రెండు మీటర్ల కాలువ. బట్టలుతికే బండ కింద నుంచి. అప్పటికే మా అరచేతులు బొబ్బలు. టికెట్లు కొట్టే చేతులు, సూది పట్టే చేతులు, ఇంజెక్షన్లిచ్చే చేతులు. ఎవరైనా కాదంటారేమోనని చూశాను. పొడుగు స్టూలు ఎత్తుకుని ఒంటికాలితో కుంటుకుంటూ సందు మొదట్లో వేసుకుంది. "ఇక్కణ్ణుంచి కనబడుతుంది. కానీయండి" అంది.

సందు తవ్వడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. కంకర వచ్చిన ఆదివారం మేస్త్రమ్మ తనే దిమ్మిస కొట్టే మిషను ఒక చిన్న ట్రాలీలో వేసుకుని దిగింది. పిలవలేదు మేము. "రెండు వారాలు కిటికీ లోంచి నా బుర్ర తిన్నావు, చూసి పోదామని వచ్చాను" అంది అక్కతో. మిషను మోతకి వీధంతా గోడలెక్కి చూసింది. ప్రతి పొర మీదా మేస్త్రమ్మ మడమతో గట్టిగా తన్ని చూసేది. మడమ దిగకపోతేనే తరువాతి పొర.

గడ్డి పరిచే రోజు నా వంతు. మొదటిసారి పరిచినప్పుడు నేను పట్టించుకోలేదు గాని, చుట్టలు విప్పి పక్కపక్కన వేస్తే ఒక ముక్క ముదురుగా, ఇంకోటి లేతగా కనబడ్డాయి. చేత్తో నిమిరి చూశాను. షాపాయన ఒకదాన్ని ఇటు తిప్పి, ఇంకోదాన్ని అటు తిప్పి వేశాడు. ముఖమల్ గుడ్డకి కూడా ఇంతే, నూగు ఒకవైపే పడుకోవాలి. ఒక ముక్క ఎదురు తిరిగిందంటే రవికె పాడైనట్టే.

"అక్కా, ఇది తిప్పాలి" అన్నాను.

"బంతికేం తెలుస్తుందే?"

"బంతికి తెలియకపోవచ్చు. నాకు తెలుస్తుంది."

అక్క నవ్వేసి కొస పట్టుకుంది. తిప్పి, అంచులు సరిగ్గా కలిసేలా కత్తిరించి, కింద పట్టీ వేసి జిగురు రాసి, అతుకు మీద మోకాళ్ళతో నడిచాను ఈ కొస నుంచి ఆ కొస దాకా. తరువాత ఇసుక చల్లి చీపుళ్ళతో పోచల్లోకి దిగేలా ఊడ్చాం. అతుకు ఎక్కడుందో చూపించండి అని ఇవాళ్టికీ అందరితో పందెం కాస్తాను.

కానీ ఇదంతా ఎండ రోజుల్లో జరిగింది. అసలు పరీక్ష వాన పెట్టాలి. గట్టి వాన ఒకటి నెల తరువాత మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. అక్కకి ఆ రోజు సెలవు. "పడుతోంది, రా" అని ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేసింది. కుట్టుమిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే వదిలేసి వెళ్ళాను. పొడుగు కట్టు విప్పించుకుని అప్పటికే కాలు నేల మీద పెడుతోంది, తనూ వచ్చింది.

ముగ్గురం వీధి కాలువ దగ్గర, పైపు మూతి ముందు గొంతుక్కూర్చున్నాం. గొడుగులున్నాయి గాని పేరుకే. పావుగంట గడిచింది. పైపు పొడిగానే ఉంది. లోపల కోర్టు నీళ్ళు తాగుతూనే ఉంది. ఎక్కడికి పోతున్నాయో తెలీదు. అక్క ముఖం పాలిపోయింది. "సందులో ఎక్కడో పైపు వాలు తప్పింది" అని గొణిగింది. మళ్ళీ తవ్వాల్సి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలా అని లెక్క వేసుకుంటోందని నాకు అర్థమైంది. ఆ మనిషి అంతే.

వెనక నుంచి ఇంకో గొడుగు వచ్చి నిలబడింది. ఇంజినీరు గారు.

"కంకర తడవనీ. అది తాగాకే బయటికి వదుల్తుంది" అన్నారు.

ఇంకో అయిదు నిమిషాలకి పైపు మూతి తడిసింది. తరువాత బొట్టు. తరువాత సన్నగా బురద నీళ్ళు. చూస్తూండగానే అవి తేరుకుని, చిటికెన వేలంత ధార కాలువలోకి దూకింది. పొడుగు నా భుజం గిచ్చింది. అక్క ఆ ధార కింద చెయ్యి పెట్టి అలాగే ఉంచుకుంది.

ఇంజినీరు గారు పెరట్లోకి వెళ్ళి, వానలోనే కోర్టు చుట్టూ తిరిగి, అక్కడక్కడా వంగి చూసి వచ్చారు.

"ఈశాన్యం మూల వాలు అర సెంటీమీటరు తక్కువైంది" అన్నారు.

"తెలుసు బావగారూ. అక్కడ ఎవరం నిలబడం."

ఆయన బాగుందని అనలేదు. అక్క అనిపించుకోవాలని చూడలేదు. గొడుగు మాత్రం అక్క మీదికి కాస్త వంచి ఇంటిదాకా వచ్చారు.

ఆ ఆదివారానికే తపాలా ఆఫీసు ఆడవాళ్ళని ఆటకి పిలిచాం. గోడ మీదా మెట్ల మీదా జనం. ముందు సీటు పెద్దాయన కూడా వచ్చాడు, రాతిపొడి ఎంత మందం వేశారని అందర్నీ అడుగుతూ. పొడుగు ఇంకా ఎగరకూడదు కాబట్టి అరుపులకే పరిమితం. తపాలా వాళ్ళు వయసులో చిన్నవాళ్ళు, మాకన్నా చురుకు. మూడు ఆటల్లో రెండు వాళ్ళే గెలిచారు. ఓడిపోయి ఇంత ఆనందపడే మనుషుల్ని చూడలేదని వాళ్ళ కెప్టెన్ అంది. "ఓడింది మా కోర్టులోగా" అంది అక్క, చెమట తుడుచుకుంటూ. "వచ్చే నెల మళ్ళీ రండి."

జనం వెళ్ళిపోయాక మేము వల కింద కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. గోడ అవతల తలుపు చప్పుడైంది. అక్క తోటికోడలు వీధి చుట్టూ తిరిగి మా గేటు తీసుకుని వచ్చింది. అరవై ఒక్కేళ్ళ మనిషి. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కాళ్ళకి కొత్త కాన్వాసు బూట్లు వేసుకుంది. పెట్టెలోంచి అప్పుడే తీసినట్టున్నాయి.

"నేనూ ఒకసారి కొట్టి చూస్తాను" అంది.

గోడ దగ్గర నుంచి ఇంజినీరు గారు, "నీకు మోకాళ్ళ నొప్పులు" అన్నారు.

"మోకాళ్ళు నావే కదా" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

అక్క లేచి ఆవిడకి బంతి ఇచ్చింది. ఎడమచేతిలో ఎలా పట్టుకోవాలో, కుడి అరచేత్తో ఎక్కడ కొట్టాలో చూపించింది. మొదటి బంతి ఆవిడ కాళ్ళ ముందే పడింది. రెండోది వలకి తగిలి జారింది. మూడోది గోడ దాటి ఆయన పెరట్లో పడింది. ఆయన దాన్ని తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"అలా నిలబడ్డారేం, ఇలా వేయండి" అందావిడ.

బంతి గోడ మీంచి వచ్చింది. ఆవిడ రెండు చేతులతో పట్టుకుని, గీత దగ్గరికి వెళ్ళి, నాలుగోసారి కొట్టడానికి నిలబడింది.